మంటలార్పే చేతులతో ఒక ఆటగది

పొగ నిండిన ఇంట్లో చిన్నపిల్లలు ఎక్కడ దొరుకుతారో అగ్నిమాపక సిబ్బందికి అనుభవం మీద తెలుసు. మంచం కింద, అలమర లోపల, దుప్పటి చాటున. పెద్దవాళ్ళు మంటను చూసి బయటికి పరుగెత్తుతారు. పసివాడు మంటను చూసి దాక్కుంటాడు. తనకు కనిపించనిది తనను కూడా చూడలేదని అతని లెక్క. ఇంతలో ఆ పొగలో నుండి ఒక ఆకారం పాకుతూ వస్తుంది. ముఖానికి అద్దపు ముసుగు, వీపున గాలి సిలిండరు, ఒంటి మీద బరువైన కోటు. ఊపిరి తీసినప్పుడల్లా పాము బుసకొట్టినట్లు ఒక చప్పుడు. ప్రాణం కాపాడటానికి వచ్చిన మనిషిని చూసి ఆ బిడ్డ ఇంకాస్త లోపలికి జరుగుతాడు.

ఈ కారణంగానే అమెరికా మొదలైన దేశాల్లో అగ్నిమాపక సిబ్బంది పాఠశాలలకు వెళ్ళినప్పుడు ఒక పని చేసి చూపిస్తారు. మామూలు దుస్తుల్లో వచ్చి, పిల్లల ఎదుట నేల మీద కూర్చుని, తమ సామగ్రిని ఒక్కొక్కటిగా ధరిస్తారు. ముందు బూట్లు, తర్వాత కోటు, ఆ తర్వాత ముసుగు, చివరికి శిరస్త్రాణం. ముసుగు బిగించుకున్న తర్వాత కూడా మాట్లాడుతూనే ఉంటారు, లోపల ఉన్నది ఇందాకటి మనిషేనని తెలియాలి కదా. పిల్లలను దగ్గరికి పిలిచి ఆ ముసుగును ముట్టుకోనిస్తారు. కొందరు ధైర్యవంతులు దాన్ని తమ ముఖానికే పెట్టుకుని చూస్తారు. భయపెట్టిన వస్తువు చేతికి అందగానే బొమ్మ అయిపోతుంది.

ఆసుపత్రిలో చేరిన పిల్లవాడికి ఎదురయ్యేది కూడా ఇటువంటి ముసుగే. డాక్టరు ముఖానికి మాస్కు, నర్సు చేతులకు తొడుగులు, మంచం పక్కన వింత చప్పుళ్ళు చేసే యంత్రాలు. తనకు మేలు చేయవచ్చిన ప్రతి ఒక్కరూ తనను నొప్పించడానికే వచ్చినట్లు తోస్తుంది. తెల్లకోటు కనబడగానే తల్లి కొంగులో ముఖం దాచుకునే బిడ్డకూ, మంచం కింద నక్కిన బిడ్డకూ తేడా ఏముంది? పిల్లల ఆసుపత్రుల్లో ఆటగదులు ఏర్పాటు చేయడానికి అగ్నిమాపక సిబ్బంది ముందుకు వస్తున్నారంటే, దాన్ని దానధర్మాల లెక్కలో మాత్రమే వేయడం సరికాదని మా అభిప్రాయం. బెదిరిన బిడ్డ దగ్గరికి ఎలా వెళ్ళాలో వారి వృత్తే వారికి నేర్పింది.

ఈ అనుబంధం ఎంత లోతైనదో తెలియాలంటే కాలిఫోర్నియా రాష్ట్ర రాజధాని శాక్రమెంటో నగరం కథ వినాలి. 1972 సెప్టెంబరు 24, ఆదివారం. అక్కడి విమానాశ్రయంలో వైమానిక ప్రదర్శన జరుగుతోంది. ఒక పాత సేబర్ జెట్ యుద్ధవిమానం పైకి లేవలేకపోయింది. రన్‌వే దాటి, ఎదురుగా ఉన్న రహదారిని కూడా దాటి, ఫారెల్స్ అనే ఐస్‌క్రీమ్ దుకాణంలోకి దూసుకుపోయింది. పిల్లల పుట్టినరోజు వేడుకలకు పేరు మోసిన దుకాణం అది. ఆ రోజు లోపల ఒక బాలుర ఫుట్‌బాల్ జట్టు కూడా ఉంది. మొత్తం 22 మంది మరణించారు. వారిలో 12 మంది పిల్లలు. ఆ విమానం నడిపిన వ్యక్తి మాత్రం బ్రతికి బయటపడ్డాడు.

మంటలు ఆరిన తర్వాత మరో లోటు బయటపడింది. కాలిన గాయాలకు ప్రత్యేకంగా చికిత్స చేసే కేంద్రం ఆ ప్రాంతంలో లేదు. మంట ఆర్పడంతో తమ బాధ్యత తీరిపోయిందని అక్కడి సిబ్బంది అనుకుని ఉండవచ్చు. ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ వారి సంఘానికి నాయకత్వం వహించిన క్లిఫ్ హాస్కెల్ అలా అనుకోలేదు. ఆయన చొరవతో 1973లో ‘ఫైర్‌ఫైటర్స్ బర్న్ ఇన్‌స్టిట్యూట్’ అనే సంస్థ వెలిసింది. ఆ సంస్థ అండతో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిస్ వైద్యకేంద్రంలో కాలిన గాయాల విభాగం రూపుదిద్దుకుంది. ఈనాటికీ ఆ విభాగం అగ్నిమాపక సిబ్బంది పేరుతోనే ఉంది. ఒంటి మీద మచ్చలతో మిగిలిన పిల్లల కోసం వారు వేసవి శిబిరాలు కూడా నడుపుతారు. బయట చొక్కా విప్పడానికి సిగ్గుపడే పిల్లవాడు అక్కడ ఈతకొలనులో నిశ్చింతగా దూకుతాడు. చుట్టూ ఉన్న వారందరికీ అవే మచ్చలు. వింతగా చూసేవారెవరు?

ఇటువంటి పనులకు వారు డబ్బు సేకరించే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. విధులకు తొడుక్కునే పొడవాటి రబ్బరు బూటును చేతపట్టుకుని కూడలిలో నిలబడతారు. ఎర్రదీపం పడి కార్లు ఆగగానే బూటు చాపుతారు. ప్రయాణికులు అందులో చిల్లర వేస్తారు. కండరాల క్షీణత వ్యాధితో బాధపడే వారి సహాయార్థం ఈ బూటు సేకరణ 1954 నుండి అమెరికా, కెనడా అగ్నిమాపక ఉద్యోగుల సంఘం ఆధ్వర్యంలో నడుస్తోంది. కాలిన గాయాల కేంద్రాలకూ పిల్లల ఆసుపత్రులకూ తర్వాత అదే బూటు పనికొచ్చింది.

సరే, ఆసుపత్రికి డబ్బు ఇవ్వడం అర్థమవుతుంది, మందులకిస్తే బాగుండేది కదా, ఆటలకెందుకు? ముందు జబ్బు తగ్గనీ, ఆటలు ఇంటికెళ్ళాక ఆడుకోవచ్చు కదా! మన ఇళ్ళలో పెద్దలు అడిగే ప్రశ్నే ఇది. ఒకప్పుడు డాక్టర్లు కూడా ఇలాగే అనుకున్నారు.

బ్రిటన్‌లో 1950ల తొలినాళ్ళలో చాలా ఆసుపత్రులు తల్లిదండ్రులను వారానికి ఏదో ఒకటి రెండు గంటలకు మించి పిల్లల దగ్గరికి రానిచ్చేవి కావు. తల్లి వచ్చి వెళ్తే బిడ్డ ఏడుస్తుంది, రాకపోతే రెండు రోజుల్లో తనే సర్దుకుంటుంది, ఇదీ వారి వాదన. జేమ్స్ రాబర్ట్‌సన్ అనే సామాజిక కార్యకర్తకు ఆ మాట నచ్చలేదు. చిన్న శస్త్రచికిత్స కోసం చేరిన రెండేళ్ళ పాప గడిపిన ఎనిమిది రోజులను ఆయన కెమెరాతో చిత్రించి 1952లో ప్రదర్శించాడు. ఆ పాప పెద్దగా ఏడ్వదు. బుద్ధిగానే కనిపిస్తుంది. కానీ రోజులు గడిచేకొద్దీ తల్లి వచ్చినప్పుడు పరుగున చేరడం మాని ముఖం తిప్పుకుంటుంది. వార్డులో అందరూ మెచ్చుకునే ఆ నిశ్శబ్దం సర్దుబాటు కాదనీ, ఆశ వదులుకోవడమనీ ఆయన చెప్పాడు. మొదట చాలామంది వైద్యులు కోపగించుకున్నారు. అయినా 1959లో సర్ హ్యారీ ప్లాట్ నాయకత్వంలోని ప్రభుత్వ సంఘం తల్లిదండ్రుల రాకపై ఆంక్షలు ఉండరాదని నివేదిక ఇచ్చింది.

అమెరికాలోనూ దాదాపు అదే కాలంలో మార్పు వచ్చింది. పోలియో వైరస్‌పై పరిశోధనకు 1954లో నోబెల్ బహుమతి పంచుకున్న డాక్టర్ ఫ్రెడరిక్ రాబిన్స్ క్లీవ్‌లాండ్ నగర ఆసుపత్రిలో పిల్లల విభాగం చూసేవారు. ఆయన 1955లో ఎమ్మా ప్లాంక్ అనే ఉపాధ్యాయురాలిని ఆహ్వానించి వార్డులోని పిల్లల ఆటపాటల బాధ్యత అప్పగించారు. వియన్నాలో మాంటిస్సోరి పద్ధతి నేర్చుకున్న మహిళ ఆమె. ఆమె వేసిన బాటలో ఇప్పుడు ఆ దేశపు పిల్లల ఆసుపత్రుల్లో ఇందుకోసమే శిక్షణ పొందిన ఉద్యోగులు ఉంటున్నారు. సూది వేయించుకోబోయే పిల్లవాడి చేతికి ముందుగా ఒక బొమ్మను, సూది లేని సిరంజిని ఇస్తారు. అతను బొమ్మకు ఇంజెక్షను చేస్తాడు, కట్టు కడతాడు, ఏడవవద్దని దబాయిస్తాడు. కాసేపు డాక్టరు తనే! ఎవరూ అడగకుండా ఏ చేతికి గుచ్చుతున్నారో, ఎప్పుడు గుచ్చుతున్నారో తెలియని బిడ్డకు ఆ కాసేపటి అధికారం ఎంత ఊరటో పెద్దలమైన మనం ఊహించుకోవలసిందే.

ఇక గది విషయానికి వద్దాం. పిల్లలకు నచ్చేలా గదిని ఏదో ఒక ఇతివృత్తంతో తీర్చిదిద్దడం అక్కడ అలవాటు. సముద్రం, అడవి, అంతరిక్షం. అగ్నిమాపక సిబ్బంది చేయి పడితే సహజంగానే ఎర్రటి ఫైర్ ఇంజను వస్తుంది. తిప్పడానికి స్టీరింగు, మోగించడానికి గంట, తొడుక్కోవడానికి చిన్న కోటూ టోపీ. చూసేవారికి ఇదంతా అలంకారంగా కనిపిస్తుంది గానీ, ఆసుపత్రి ఆటగది వెనుక చాలా లెక్క ఉంటుంది. సెలైన్ స్టాండుతో, చక్రాల కుర్చీతో వచ్చే పిల్లలు ఇరుక్కోకుండా తలుపు వెడల్పుగా ఉండాలి. బొమ్మలన్నీ కడగడానికి, క్రిమిసంహారక మందుతో తుడవడానికి వీలైనవై ఉండాలి. ఒకరి బొచ్చుబొమ్మ మరొకరికి ఇవ్వకూడదు. అందులో క్రిములు దాగుతాయి. ఎవరికి రోగనిరోధక శక్తి తక్కువగా ఉందో వారిని గదికి తీసుకురారు. బొమ్మలనే శుభ్రం చేసి మంచం దగ్గరికి తీసుకెళతారు.

వీటన్నిటికంటే మాకు నచ్చిన నియమం ఒకటుంది. ఆటగదిలో సూది వేయరు. మందు తాగించరు, కట్లు మార్చరు, రక్తం తీయరు. డాక్టరు ఎంత తొందరలో ఉన్నా సరే, బిడ్డను బయటికి పిలిచి వేరే గదిలోనే ఆ పని చేయాలి. ఆసుపత్రి మొత్తంలో నొప్పి తలుపు దాటి రాలేని చోటు ఒకటి ఉందని బిడ్డకు నమ్మకం కలగాలి. కాలిన గాయాల పిల్లలకు ఇది మరీ అవసరం. గాయం కంటే, మాటిమాటికీ కట్లు మార్చే సమయంలో కలిగే బాధను తలచుకుని వణికే పిల్లలు వారు.

ఇతివృత్తం వల్ల నిజంగా ఫలితం ఉంటుందా అని అడిగేవారికి పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రి ఉదాహరణ చాలు. జీఈ సంస్థలో స్కానింగు యంత్రాలు రూపొందించే డగ్ డీట్జ్ ఒకసారి తాను తయారు చేసిన ఎమ్మారై యంత్రాన్ని చూసుకోవడానికి ఒక ఆసుపత్రికి వెళ్ళాడు. అదే సమయానికి అమ్మానాన్నల చేయి పట్టుకుని వచ్చిన ఒక పాప ఆ యంత్రాన్ని చూసి ఏడ్చేసింది. తాను గర్వించే యంత్రం బిడ్డలకు ఎలా కనిపిస్తోందో ఆయనకు అప్పుడు తెలిసింది. పిల్లలు కదలకుండా పడుకోవాలంటే చాలామందికి మత్తుమందు ఇవ్వవలసి వచ్చేదని కూడా విన్నాడు. ఆ తర్వాత పిట్స్‌బర్గ్‌లో స్కానింగు గదిని సముద్రపు దొంగల ఓడగా మార్చారు. గోడలకు, నేలకు, యంత్రానికి రంగులు మారాయి. బిడ్డకు చెప్పే కథ మారింది. లోపలి యంత్రం అదే. ఓడలో దాక్కోవాలంటే కదలకూడదని చెబితే పిల్లలు తమంతట తామే బిగుసుకుని పడుకున్నారు. మత్తుమందు అవసరం బాగా తగ్గింది.

మన దగ్గరికి వస్తే, హైదరాబాదులోని నీలోఫర్ ఆసుపత్రి కూడా ఒక దుఃఖంలో నుండి పుట్టినదే. ఉస్మానీ వంశానికి చెందిన నీలోఫర్ నిజాం చిన్నకోడలిగా ఈ నగరానికి వచ్చింది. తన పరిచారిక ప్రసవ సమయంలో సరైన వైద్యం అందక మరణించడం ఆమెను కలచివేసింది. తల్లులకు, బిడ్డలకు ప్రత్యేకంగా ఆసుపత్రి ఉండాలన్న ఆమె పట్టుదల 1953 నాటికి ఫలించింది. స్వయంగా సంతానం లేని ఆమె పేరు లక్షలాది బిడ్డల కేసు కాగితాల మీద నిలిచింది.

ఒక విషయంలో మనం బ్రిటన్ కంటే ముందున్నామనే చెప్పాలి. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో తల్లిని బిడ్డ నుండి వేరు చేయడం ఎవరి తరమూ కాదు. మంచం మీద చోటు లేకపోతే మంచం కింద చాప పరుచుకుని పడుకుంటుంది. నాయనమ్మ ఇంటి నుండి టిఫిను తెస్తుంది. మనకు కొరవడినది తోడు కాదు, ఆట. రోగిని పరామర్శించడం, అంటే ఇయాదత్, మన కుటుంబాల్లో నేటికీ నిలిచి ఉన్న మంచి ఆచారం. కానీ పిల్లవాడిని చూడటానికి వెళ్ళేటప్పుడు కూడా యాపిల్ పండ్లు, బిస్కెట్ పొట్లాలే తీసుకెళతాం. పళ్ళు తినేది సాధారణంగా పక్కన ఉన్న పెద్దవాళ్ళే! ఒక రంగుపెన్సిళ్ళ డబ్బా, ఒక బొమ్మల పుస్తకం పట్టుకెళ్ళాలని ఎందరికి తోస్తుంది?

భారతదేశంలో ఏటా పది లక్షలకు పైగా ప్రజలు మధ్యస్థ లేక తీవ్రమైన కాలిన గాయాలకు గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పసిపిల్లల విషయంలో మంట కంటే మన వంటింట్లోని వేడినీళ్ళు, గంజి, పప్పుచారు గిన్నెలే ఎక్కువ ప్రమాదకరం. (ఒంటి మీద వేడిది పడితే 20 నిమిషాల పాటు కుళాయి నీటి ధార కింద ఉంచి, వెంటనే డాక్టరుకు చూపించాలి, టూత్‌పేస్టు, సిరా, పసుపు పూయరాదు.) ఆ పిల్లలు వారాల తరబడి వార్డుల్లో గడుపుతారు.

మన అగ్నిమాపక శాఖకు పిల్లలు కొత్త కాదు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో మందుగుండు నింపిన ఓడ పేలినప్పుడు మంటలార్పబోయి 66 మంది సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. వారి జ్ఞాపకార్థం ఏటా ఏప్రిల్ 14 నుండి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఆ రోజుల్లో ఫైర్ ఇంజన్లు మన బడుల ముంగిట నిలుస్తాయి. పిల్లలు ఎక్కి దిగుతారు, గొట్టం పట్టుకుని నీళ్ళు చిమ్ముతారు. ఆ వారంలో ఒక పూట పిల్లల వార్డుకు రమ్మని వారిని పిలవవచ్చు. అయితే ముందుగా ఆసుపత్రి అధికారులతోను, వార్డు సిస్టరుతోను మాట్లాడాలి. ఏ బొమ్మలు తేవచ్చో, ఏ మంచం దగ్గరికి వెళ్ళకూడదో చెప్పవలసింది వారే. వార్డు చివర ఒక మూల దొరికితే చాలు, కడగడానికి వీలైన చాప, నాలుగు ప్లాస్టిక్ ఫైర్ ఇంజన్లు, ఒక చిన్న టోపీ. ఫైర్ స్టేషనుకు రాయవలసిన అర్జీకి ఒక తెల్లకాగితం సరిపోతుంది. ఏప్రిల్ నెలకు ముందే రాయడం మంచిది, ఆ వారంలో వారికి తీరిక ఉండదు.