బ్రేక్ ప్యాడ్ ఎన్ని కిలోమీటర్లు? లెక్క మీరే వేయండి!

‘అన్నా, ప్యాడ్లు ఎన్ని కిలోమీటర్లు వస్తయ్?’ దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ బైక్ మెకానిక్‌ను అడిగినా జవాబు దాదాపు ఒక్కటే: ‘నువ్వు నడిపేదాన్ని బట్టి తమ్ముడూ!’

చాలామంది దీన్ని దాటవేత అనుకుంటారు. నిజానికి ఇంజినీరింగ్ పరంగా ఇంతకన్నా సరైన జవాబు లేదు. అందులో లేనివి అంకెలే. మీరు మెకానికల్ లేదా ఆటోమొబైల్ కోర్ ఉద్యోగం కోసం చూస్తుంటే ఆ అంకెలు మీ బైక్ మీదే తేల్చుకోవచ్చు. ఇంటర్వ్యూలో ‘ప్రాక్టికల్‌గా ఏం చేశావు?’ అని అడిగితే కొనుక్కొచ్చిన ప్రాజెక్టు రిపోర్టు కన్నా ఇది చాలా నయం. పైగా ఇది ప్రాణానికి సంబంధించిన విషయం. ప్యాడ్ పూర్తిగా అరిగితే ఇనుప పలక నేరుగా డిస్కును రాస్తుంది. బ్రేకు సరిగా పట్టదు, డిస్కు గాడులు పడుతుంది. కొన్ని వందల రూపాయలతో పోయే పని వేలల్లోకి వెళ్తుంది.

మరి అరిగేది దేన్ని బట్టి?

బ్రిటిష్ ఇంజినీర్ ఆర్చర్డ్ 1953లో ఓ సూత్రం చెప్పాడు. రెండు ఉపరితలాలు రాసుకున్నప్పుడు అరిగే పరిమాణం, వాటిని నొక్కే బలానికీ, జారిన దూరానికీ అనులోమానుపాతంలో ఉంటుందని దాని సారం. ఇప్పుడు కాస్త గమనించండి. నొక్కే బలాన్ని ఘర్షణ గుణకంతో గుణిస్తే ఘర్షణ బలం. దాన్ని జారిన దూరంతో గుణిస్తే బ్రేకు మింగిన శక్తి. అంటే ప్యాడ్ అరిగేది కిలోమీటర్లకు కాదు, మింగిన జూల్స్‌కు. మెషిన్ డిజైన్‌లో క్లచ్ చాప్టర్‌లో ‘యూనిఫాం వేర్’ అని బట్టీ పట్టిన సిద్ధాంతం వెనక ఉన్నదీ ఇదే ఆలోచన.

లెక్క చూద్దాం. బైకు, మీరు కలిపి 200 కిలోలు అనుకోండి. గంటకు 40 కి.మీ. వేగంలో గతిశక్తి సుమారు 12,300 జూల్స్. అదే 60 కి.మీ. వేగంలో 27,800. వేగం ఒకటిన్నర రెట్లయితే బ్రేకు మీద భారం రెండింతలు దాటింది. వెనక 60 కిలోల ఫ్రెండ్‌ను ఎక్కించుకుంటే 36,000కు చేరుతుంది.

దీన్ని మన రోడ్డు మీద పెట్టి చూడండి. నాదర్‌గుల్‌లో 1981 నుంచి ఎంవీఎస్‌ఆర్ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు నుంచి బైకుల మీద వచ్చే విద్యార్థులకు దారి దాదాపు రెండు ముక్కలు. మొదటిది ట్రాఫిక్‌లో నిలిచి నడిచే సిటీ ముక్క. సాగర్ రింగ్‌రోడ్డు, బీఎన్‌రెడ్డి నగర్ దాటి గుర్రంగూడ వైపు వెళ్లేకొద్దీ కాస్త ఖాళీ రోడ్డు, మధ్యలో స్పీడ్‌బ్రేకర్లు. ప్యాడ్లను తినేది సిటీ ట్రాఫిక్కేనని అందరి నమ్మకం. సిటీలో 40 వేగం నుంచి 15 సార్లు పూర్తిగా ఆగారనుకోండి, మొత్తం సుమారు 1,85,000 జూల్స్. ఖాళీ రోడ్డు మీద పది స్పీడ్‌బ్రేకర్ల దగ్గర 60 నుంచి 15కు తగ్గారనుకోండి, ఒక్కోదానికి 26,000 చొప్పున 2,60,000. పదిసార్లే పట్టిన బ్రేకు, పదిహేను సార్లు పట్టినదాన్ని దాటేసింది! ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలే. మీ దారిలో ఎన్నిసార్లు, ఎంత వేగం నుంచి బ్రేకు వేస్తున్నారో ఒకరోజు వెనక సీట్లో కూర్చున్న ఫ్రెండ్‌తో లెక్కపెట్టించండి. నడుపుతూ మీరే లెక్కపెట్టొద్దు.

ఇందులోనే ఓ ఆదా మార్గం ఉంది. స్పీడ్‌బ్రేకర్ దూరంగా కనిపించగానే యాక్సిలరేటర్ వదిలేసి, గేర్‌లోనే బండిని 40కి దిగనిచ్చి అప్పుడు బ్రేకు పట్టుకుంటే, ప్యాడ్‌కు మిగిలేది 10,600 జూల్స్ మాత్రమే. 26,000తో పోలిస్తే దాదాపు 60 శాతం తగ్గింది. మిగతాది ఇంజిన్, గాలి పంచుకున్నాయి. చదువుకుంటూ సాయంత్రాలు ఫుడ్ డెలివరీ చేసేవారికి ఈ తేడా నేరుగా జేబులో కనిపిస్తుంది, ఎందుకంటే ప్యాడ్ల ఖర్చు వాళ్లదే.

సూత్రం ఇంత సూటిగా ఉన్నా బండి అంత సూటిగా ఉండదు. వేడి ఇందులో వేలు పెడుతుంది. 60 నుంచి ఆపినప్పటి శక్తి మొత్తం ఒక కిలో బరువున్న ఉక్కు డిస్కులోకే వెళ్తే దాని ఉష్ణోగ్రత సుమారు 55 డిగ్రీలు పెరుగుతుంది. చల్లారకముందే మళ్లీ మళ్లీ ఆపితే అది పోగవుతూ ఉంటుంది. మామూలు ఆర్గానిక్ ప్యాడ్లలో పదార్థాన్ని పట్టి ఉంచేది రెజిన్. బాగా వేడెక్కితే అది దెబ్బతిని పట్టు తగ్గుతుంది, అరుగుదల పెరుగుతుంది. వానాకాలంలో ఇసుక కలిసిన బురద ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య చేరి గరుకు కాగితంలా పనిచేస్తుంది. అందుకే ఎండాకాలం లెక్కను జులైకి అలాగే వాడకండి.

కొలవడం ఎలా?

ఫోన్ టార్చ్ వేసి కాలిపర్ సందులోంచి చూడండి. డిస్కుకు రెండు పక్కలా ఇనుప పలకకు అంటుకుని ఉన్న పొరే అరిగే పదార్థం. చాలా ప్యాడ్ల మీద గాడి ఉంటుంది, అది కనిపించకుండా పోతే మార్చాల్సిందే. కచ్చితమైన పరిమితి మీ బండి మాన్యువల్లో ఉంటుంది, చాలా బైకులకు అది ఒకటి ఒకటిన్నర మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ప్యాడ్లు బయటికి తీసినప్పుడైతే వెర్నియర్‌తో కొలవండి. ఫస్టియర్ ల్యాబ్ తర్వాత దానికి ఇన్నాళ్లకు ఓ పని దొరుకుతుంది!

కొత్తప్పుడు 4 మి.మీ. ఉంది, 3,000 కి.మీ. తర్వాత 3.4 ఉందనుకోండి. వెయ్యి కిలోమీటర్లకు 0.2 మి.మీ. పోయినట్టు. 1.5కు చేరడానికి ఇంకా 1.9 మిగిలింది కాబట్టి 9,500 కి.మీ. వస్తుందని చెప్పొచ్చు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఆగకండి. అరిగిన 0.6 లెక్కలో 0.1 మి.మీ. అటూ ఇటూ పొరపాటు ఉండొచ్చు. అప్పుడు జవాబు సుమారు 8,100 నుంచి 11,400 కి.మీ. మధ్య ఎక్కడైనా కావొచ్చు. ప్రాణం సంగతి కాబట్టి తక్కువ అంకెనే నమ్మాలి. రానుపోను రోజుకు 25 కి.మీ., నెలకు 26 రోజులు తిరిగితే అది సుమారు ఏడాది. సగం గడిచాక మళ్లీ కొలవండి. ‘9,500’ అని ఒక్క అంకె చెప్పే అభ్యర్థి కన్నా ఈ పరిధి, దాని కారణం చెప్పే అభ్యర్థికి కొలత అంటే ఏంటో తెలుసని ఎదుటివాళ్లకు ఇట్టే అర్థమవుతుంది.

రెండు ప్యాడ్లనూ చూడటం మర్చిపోవద్దు. ఒకవైపు పిస్టన్ ఉండే కాలిపర్‌లో లోపలి ప్యాడ్ బాగా అరిగి, బయటిది కొత్తదానిలా ఉంటే తప్పు ప్యాడ్‌ది కాదు. కాలిపర్ జారాల్సిన స్లైడ్ పిన్లు తుప్పు పట్టో, గ్రీజు ఎండిపోయో బిగుసుకుపోయాయని అర్థం. అవి శుభ్రం చేయకుండా కొత్త ప్యాడ్లు వేస్తే అవీ అలాగే అరుగుతాయి.

హ్యాండిల్ దగ్గరున్న బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బా ఇంకో ఆధారం. ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ ముందుకొస్తుంది, దాని వెనక ఖాళీని ఫ్లూయిడ్ నింపుతుంది, పైన మట్టం తగ్గుతుంది. లీకు లేకుండా మట్టం దిగిందంటే ముందు ప్యాడ్లు చూడాలి. అవి చూడకుండా ఫ్లూయిడ్ పోసేస్తే, కొత్త ప్యాడ్ల కోసం పిస్టన్‌ను వెనక్కి నెట్టినప్పుడు అది పొంగి ట్యాంకు మీద పడుతుంది. డాట్ 4 ఫ్లూయిడ్ పెయింట్‌ను తినేస్తుంది.

మార్చేటప్పుడు...

పని పెద్దదేం కాదు. కాలిపర్ బండికే ఉండగా ప్యాడ్ పిన్ వదులు చేసుకోవాలి, తర్వాత కాలిపర్ బోల్టులు విప్పాలి. పాత ప్యాడ్లు తీసి, పిస్టన్ చుట్టూ మురికి తుడిచి, మెల్లగా సమంగా లోపలికి నెట్టాలి. దుమ్మును నోటితో ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి. స్లైడ్ పిన్లకు సిలికాన్ గ్రీజు పల్చగా రాయాలి. డిస్కుకూ ప్యాడ్‌కూ చేతి జిడ్డు కూడా తగలకూడదు. బోల్టుల టార్క్ మాన్యువల్లో ఉన్నంతే. మొదటిసారైతే మెకానిక్ చేస్తుంటే పక్కన నిలబడి చూడండి, రెండోసారి ఆయన్ను పక్కన పెట్టుకుని మీరు చేయండి.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. పిస్టన్‌ను వెనక్కి నెట్టాక మొదటిసారి లివర్ నొక్కితే అది ఖాళీగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. బండి కదలకముందే లివర్ గట్టిపడేదాకా పంపు చేయాలి. ఇది మరిచి గేటు దాటితే మొదటి మలుపులో బ్రేకే ఉండదు. తర్వాత మొదటి ఒకటి రెండొందల కిలోమీటర్లు గట్టిగా పట్టకుండా, ఖాళీ రోడ్డులో మెల్లగా పెంచుతూ వేసుకుంటే ప్యాడ్ డిస్కుకు సర్దుకుంటుంది.

‘మాది ఏబీఎస్ బండి కదా’ అంటారా? 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన బైకులకు ఏబీఎస్, అంతకు లోపు వాటికి కనీసం సీబీఎస్ తప్పనిసరి చేశారు. ఏబీఎస్ చక్రం లాక్ కాకుండా చూస్తుందే తప్ప అరిగిన ప్యాడ్‌కు పదార్థం తెచ్చిపెట్టదు. సీబీఎస్ బండిలో వెనక బ్రేకు తొక్కినా ముందు బ్రేకు కూడా పడుతుంది. ‘నేను ముందు బ్రేకు వాడను, అది అరగదు’ అనుకోవడం కుదరదు.

ఈ పని తెలిసినవాళ్లకు ఉద్యోగాలు ఎక్కడంటే... బ్రేక్స్ ఇండియా, రాణే, ఎండ్యూరెన్స్, ఏఎస్‌కే ఆటోమోటివ్ వంటి కంపెనీల వెబ్‌సైట్లలో టెస్టింగ్, క్వాలిటీ, ఫ్రిక్షన్ మెటీరియల్ విభాగాలు చూడండి. పుణెలోని ఏఆర్‌ఏఐ వాహనాల పరీక్షలకు పేరున్న సంస్థ. మెటీరియల్స్ వైపు ఆసక్తి ఉంటే అంత దూరం కూడా అక్కర్లేదు. బాగా వేడిని తట్టుకునే సింటర్డ్ ప్యాడ్లు పౌడర్ మెటలర్జీతో తయారవుతాయి. ఆ శాస్త్రంలో పరిశోధన చేసే కేంద్ర సంస్థ ఏఆర్‌సీఐ ఉన్నది నాదర్‌గుల్ పక్కనే, బాలాపూర్‌లో. అది ప్యాడ్ల ఫ్యాక్టరీ కాదు. కానీ ఎంటెక్, పీహెచ్‌డీ ఆలోచన ఉన్నవారు దాని ఇంటర్న్‌షిప్, ఫెలోషిప్ ప్రకటనలపై ఓ కన్నేసి ఉంచొచ్చు. ఆ దరఖాస్తులో రాయడానికి తేదీ, ఓడోమీటర్ రీడింగ్, లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ అని నాలుగు గడులున్న ఓ పట్టిక ఈరోజే మొదలుపెట్టండి. ఆరు నెలలకు నాలుగు వరుసలైనా నిండుతాయి.