ఈఎంఐలు ఆగిన ఇంట్లో అద్దె: చట్టం ఎవరికి ఏం చెబుతోంది?

నగరంలో ఇల్లు అద్దెకు అడగబోతే మనకు ఎదురయ్యే మొదటి ప్రశ్న అద్దె గురించి కాదు. "మీరేమిట్లు?" అని అడుగుతారు, లేదంటే "నాన్‌వెజ్ తింటారా?" అని తిప్పి అడుగుతారు. 1917లో బరోడాలో పార్శీ సత్రంలో తలదాచుకున్న అంబేడ్కర్‌ను కులం బయటపడగానే వెళ్లగొట్టారు. నూరేళ్లు దాటినా ఆ ప్రశ్న పోలేదు. అందుకే పదిళ్లు తిరిగాక ఎవరైనా సరేనంటే చాలు, మనం తిరిగి ఏమీ అడగం. అడ్వాన్స్ ఇచ్చి తాళం తీసుకుంటాం. తలుపు మీద బ్యాంకు నోటీసు అంటించాక గానీ ఆ ఇల్లు తాకట్టులో ఉందని తెలియదు.

అవతలి పక్కనా మనవాళ్లు ఉంటారు. వంశంలో మొదటిసారి ఫ్లాట్ కొన్న ఉద్యోగి, ఉద్యోగం పోతే దాన్ని అద్దెకిచ్చి ఊళ్లో అమ్మానాన్నల దగ్గరికి చేరతాడు. వచ్చే అద్దె వాయిదాకు చాలదు, బాకీ పెరుగుతుంది. ఈ ఇద్దరి తలరాతనూ తేల్చేది 2002 నాటి సర్ఫేసీ చట్టం.

నోటీసు నుంచి వేలం దాకా

వాయిదాలు 90 రోజులకు మించి ఆగితే ఖాతాను ఎన్‌పీఏ అంటారు. తర్వాత సెక్షన్ 13(2) కింద 60 రోజుల గడువుతో డిమాండ్ నోటీసు వస్తుంది. దానికి రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. గడువు దాటితే కోర్టు తీర్పుతో పని లేకుండానే ఇంటిని స్వాధీనం చేసుకునే చర్య మొదలుపెట్టవచ్చు. ఆ చర్య మీద 45 రోజుల్లోగా డీఆర్‌టీకి వెళ్లాలి. ఈ ట్రిబ్యునళ్లు హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో ఉన్నాయి. వేలం ప్రకటన వెలువడక ముందే మొత్తం బకాయి, ఖర్చులు కడితే ఇల్లు విడిపించుకోవచ్చు. చెల్లించాల్సింది అసలు, వడ్డీలో 20 శాతం కన్నా తక్కువ మిగిలితే ఈ చట్టం వర్తించదు.

యజమానికి

తాకట్టులో ఉన్న ఇంటిని అద్దెకివ్వడమే నేరం కాదు. తాకట్టు పత్రం అడ్డుచెప్పకపోతే, ఆస్తి బదలాయింపు చట్టం సెక్షన్ 65ఎ షరతులతో అనుమతిస్తుంది. అద్దె న్యాయమైనదిగా ఉండాలి, ముందుగా వసూలు చేయకూడదు, ఇంటికైతే మూడేళ్లకు మించకూడదు. అయితే బ్యాంకు అనుమతి లేనిదే అద్దెకివ్వరాదనే షరతు లోన్ కాగితాల్లోనే ఉండవచ్చు. ముందు అది చదవాలి.

13(2) నోటీసు అందాక పరిస్థితి మారుతుంది. బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా అప్పుడు అద్దెకివ్వడాన్ని సెక్షన్ 13(13) నిషేధిస్తుంది. ఉల్లంఘిస్తే సెక్షన్ 29 కింద ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అందుకే వాయిదా తప్పిన మొదటి నెలలోనే బ్యాంకుకు లేఖ రాయాలి. అద్దెను నేరుగా లోన్ ఖాతాలో జమ చేస్తామని చెప్పి, గడువు పెంచమని అడగాలి. సంగతి దాచి మరో కుటుంబం అడ్వాన్స్‌తో మన వాయిదా కట్టడం న్యాయం కాదు. రేపు వీధిన పడేది వాళ్లే.

కిరాయిదారుకు

2016 సవరణతో చేరిన సెక్షన్ 17(4ఎ) కింద కిరాయిదారు కూడా డీఆర్‌టీకి వెళ్లవచ్చు. ట్రిబ్యునల్ నాలుగు సంగతులు చూస్తుంది: అద్దె గడువు ముగిసిందా, 65ఎకు విరుద్ధమా, తాకట్టు షరతులకు విరుద్ధమా, 13(2) నోటీసు తర్వాత పుట్టిందా. వీటిలో ఏ ఒక్కటి నిజమైనా రక్షణ దొరకడం కష్టం. ఏడాదికి మించిన అద్దె అంటే రిజిస్టర్డ్ పత్రం కావాలని, నోటిమాట ఒప్పందంతో అంతకు మించి హక్కు అడగలేరని 2019లో బజరంగ్ శ్యాంసుందర్ అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన దగ్గర చాలామందికి ఉన్నది నోటిమాటే, రసీదు కూడా ఉండదు. కాబట్టి అద్దె నగదుగా కాకుండా బ్యాంకు ద్వారా కట్టాలి, ఒప్పందం రాయించుకోవాలి.

బ్యాంకు చట్టప్రకారం చేసే స్వాధీనం అత్యాచారాల నిరోధక చట్టం కిందికి రాదు. కానీ దళితేతర యజమానో, వేలంలో కొన్నవారో ఏ ఉత్తర్వూ లేకుండా దళిత కుటుంబాన్ని బలవంతంగా ఇల్లు ఖాళీ చేయిస్తే, అదే చట్టం సెక్షన్ 3(1)(జెడ్) ఉంది. ఈ తేడా కార్యకర్తలు గుర్తుంచుకోవాలి. తప్పు సెక్షన్‌తో ఫిర్యాదు చేస్తే అసలు కేసూ బలహీనపడుతుంది.

వకీలు ఫీజుకు భయపడి 45 రోజులు పోగొట్టుకోవద్దు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

వాళ్లు మన కులం అడుగుతున్నారు, అది అడగకూడని ప్రశ్న. మనం అడగాల్సినవి అడగడం లేదు. ఇంటి మీద లోన్ ఉందా? వాయిదాలు సరిగ్గా కడుతున్నారా? నోటీసేమైనా వచ్చిందా? ఈసీ ఒకసారి చూపిస్తారా? అడ్వాన్స్ చేతులు మారక ముందే ఈ నాలుగూ అడుగుదాం.