నడివయసు విద్యార్థికి గణితము చెప్పువారెవరు?

చదువునకు వయసుతో పని లేదని మన పెద్దలు ఏనాటినుండియో చెప్పుచున్నారు. ఆ మాటను నమ్మి నలుబదియవ యేట పుస్తకము చేతబట్టిన వారికి మొదట అడ్డు నిలుచునది గణితము. చరిత్రను చదివి తెలిసికొనవచ్చును. భాషను ఇంటిలో మాటలాడుచునే యున్నాము. గణితము మాత్రము ఎవరైన ప్రక్కన కూర్చుండి చెప్పనిదే ముందునకు సాగుట కష్టము. దూరవిద్యలో ఆ ప్రక్కన కూర్చుండువారే కరవు.

షోలాపురమున మగ్గములపై పనిచేయువారిలోను, ఇంట కూర్చుండి బీడీలు చుట్టు తల్లులలోను, చిన్ననాట చదువు మానినవారు మన తెలుగువారిలో పలువురు కలరు. ఒకరికి ఉద్యోగములో పై మెట్టెక్కుటకు పదవ తరగతి పట్టా కావలెను. మరియొకరికి తమ బిడ్డ తెచ్చిన లెక్కను తామే చూడగలుగవలెనని కోరిక. ఇంటిలో లెక్క చెప్పువారు లేరన్న బెంగతో బిడ్డను తెలుగు బడినుండి మాన్పించు తల్లిదండ్రులు కూడ ఉన్నారు. కావున పెద్దల గణితము వారి సొంత విషయము మాత్రమే కాదు. మన బడి మనుగడతోను ముడిపడి యున్నది. అట్టి తల్లిదండ్రులకు ఉపయోగపడునని తలచి ఈ కొన్ని మాటలు వ్రాయుచున్నాము.

మొదట దారి యేదియో తెలిసికొందము. 1979లో కేంద్ర మాధ్యమిక విద్యామండలి ప్రయోగముగా ప్రారంభించిన సార్వత్రిక పాఠశాల 1989లో ప్రత్యేక సంస్థ యైనది. నేడది ఎన్.ఐ.ఓ.ఎస్. అని వాడుకలోనున్న జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ. పదవ తరగతితో సమానమైన అందలి సెకండరీ చదువునకు 14 ఏండ్లు నిండినవారెల్లరును చేరవచ్చును. పై వయసునకు హద్దు లేదు. చేరినవారికి 5 సంవత్సరముల గడువును, ఆ గడువులో 9 మారులు పరీక్షకు కూర్చుండు అవకాశమును కలవు. విషయములన్నియు ఒక్కసారియే వ్రాయనక్కరలేదు. ఒక్కొక్క విషయమే ముగించుకొనుచు పోవచ్చును. పరీక్షలు ఏప్రిల్-మే నెలలలో నొకమారు, అక్టోబరు-నవంబరు నెలలలో నొకమారు జరుగును. అటుపై పట్టము కోరువారికి 1982లో హైదరాబాదున స్థాపితమై, నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేర నడచుచున్న సార్వత్రిక విశ్వవిద్యాలయమును, 1985 నాటి ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయమును, 1989లో నాసికలో వెలసిన యశ్వంతరావ్ చవాన్ విశ్వవిద్యాలయమును కలవు.

ఇచట ఒక మాట ముందుగ చెప్పవలెను. సెకండరీ పరీక్షలో గణితము నిర్బంధ విషయము కాదు. పట్టా మాత్రమే కావలసినవారు దానిని విడిచి వేరు విషయములను తీసికొనవచ్చును. అయితే పాలిటెక్నిక్ చదువునకు గాని, లెక్కలతో పనిబడు ఉద్యోగపరీక్షలకు గాని పోదలచినవారు విడువరాదు. బిడ్డలకు చెప్పవలెనని చదువువారును విడువరాదు. భయముచేత విడుచుట వేరు, అవసరము లేక విడుచుట వేరు. ఈ రెండింటిలో తమది ఏదియో మొదట తేల్చుకొనుట మంచిది.

గణితము తీసికొన నిశ్చయించిన పిదప వచ్చు ప్రశ్న భాష. సెకండరీ చదువును తెలుగున చదువవచ్చును. మరాఠీ, హిందీ, ఆంగ్లములందును చదువవచ్చును. కాని చెప్పువారు ఏ భాషలో దొరకుదురో ఆలోచింపక మాధ్యమమును ఎన్నుకొనుట చిక్కులకు మూలము. పుస్తకము తెలుగున నుండి, చెప్పువారు మరాఠీవారైనచో ఏమగునో చూడుడు. మనము భిన్నమన్నదానిని వారు అపూర్ణాంక మందురు. మన లవము వారికి అంశము; మన హారము వారికి ఛేదము. వైశాల్యమును క్షేత్రఫళ మనియు, చుట్టుకొలతను పరిమితి యనియు, వ్యాసార్ధమును త్రిజ్య యనియు వ్యవహరింతురు. మన క.సా.గు. వారి లసావి, మన గ.సా.భా. వారి మసావి. కొన్ని మాటలు మరింత తికమక పెట్టును. మరాఠీలో మూళసంఖ్య యనగా ప్రధానసంఖ్య. మూలమనగానే వర్గమూలము తలచు తెలుగు విద్యార్థి అచట పొరబడుట సహజము. సంఖ్యలను పలుకు తీరును వేరు. మనము ఇరువది చెప్పి తరువాత అయిదు చెప్పుదుము. వారు అయిదు ముందు చెప్పి పంచవీస అందురు. వేగముగా చెప్పుచున్నపుడు 25 అనునది 52 గా కాగితమున పడుట కద్దు.

అయినను భయపడ నక్కరలేదు. కోణము, కర్ణము, వ్యాసము, సమీకరణము వంటి మాటలు రెండు భాషలకును ఉమ్మడి సొత్తు. మిగిలినవానికొక చిన్న నోటుపుస్తకము చాలును. పుటను మూడు వరుసలుగ గీచి, తెలుగు మాట, మరాఠీ మాట, ఆంగ్లపు మాట ప్రక్కప్రక్కన వ్రాసికొనుచు పోవలెను. వ్రాయవలసిన మాటలు నూటికి మించవు. రెండు నెలలలో నోటికి వచ్చును. ఆంగ్లపు మాటలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020 నుండి ముద్రించుచున్న ద్విభాషా పాఠ్యపుస్తకములు మిక్కిలి తోడ్పడును. ఒక పుటలో తెలుగును, ఎదుటి పుటలో అదే పాఠము ఆంగ్లమునను ఉండును. దీక్షా అను ప్రభుత్వ వేదికలో తెలుగు రాష్ట్రముల పాఠ్యపుస్తకములను ఉచితముగ చూడవచ్చును.

తరువాతి పని తమ మెట్టు తాము తెలిసికొనుట. ఏడవ తరగతిలో చదువు మానినవారు ఏడవ తరగతి లెక్కలు వచ్చునని తలంతురు. ఇరువది యేండ్ల ఎడబాటులో ఏది నిలిచినదో, ఏది పోయినదో కాగితముమీదనే తెలియును. మన బడిలోని అయిదవ, ఆరవ, ఏడవ తరగతుల పుస్తకములు తెచ్చుకొని, ప్రతి అధ్యాయము చివర నాలుగేసి లెక్కలు చేసి చూడుడు. చేయగలిగినవానికొక గుర్తు, తడబడినవానికొక గుర్తు, బొత్తిగ తెలియనివానికి మరియొక గుర్తు పెట్టుడు. ఆ పట్టికయే గురువునొద్దకు కొనిపోవలసిన మొదటి కానుక. "నాకు లెక్కలు రావు" అన్నచో ఏ గురువును ఏమియు చేయలేడు. "భిన్నములు కూడుట వచ్చును, భాగించుట రాదు" అన్నచో ఆ దినముననే పాఠము మొదలుపెట్టగలడు.

తమకు తెలియకయే పెద్దలకు వచ్చిన గణితము ఎంతయో కలదు. సెకండరీ పాఠ్యక్రమములో బీజగణితము, వ్యాపారగణితము, రేఖాగణితము, క్షేత్రమితి, త్రికోణమితి, సాంఖ్యకము అని ఆరు భాగములున్నవి. వీనిలో వ్యాపారగణితముతో ఆరంభించుట పెద్దలకు సులభము. ఎట్లనగా, 5,000 రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి తొమ్మిది నెలలకు తీర్చినచో ఎంత వడ్డీ యని అడిగిన, మన తల్లులు కాగితమక్కరలేక 900 అని చెప్పుదురు. నెలకు నూరు, తొమ్మిది నెలలకు తొమ్మిది నూరులు. పుస్తకము ఇదే లెక్కను ఏటికి 24 శాతమనియు, కాలము ముప్పాతిక సంవత్సర మనియు చెప్పి, అసలును, కాలమును, రేటును గుణించి నూటిచే భాగింపు మనును. 5,000ను ముప్పాతికచే గుణించిన 3,750. దానిని 24చే గుణించిన 90,000. నూటిచే భాగించిన 900. లెక్క ఒకటే, వేషము వేరు. మరాఠీ పుస్తకములలో ద.సా.ద.శే. అని కనిపించినచో ఏటికి నూటికింత యని అర్థము. మన ఊరి వడ్డీ నెల లెక్క, పుస్తకపు వడ్డీ ఏటి లెక్క. ఈ ఒక్క భేదము తెలిసిన సగము భయము తీరును.

మగ్గమువారికి క.సా.గు. అట్లే తెలియును. ఒక గీత 12 పేక పోగులకొకమారు, మరియొక గీత 18 పోగులకొకమారు వచ్చునట్లు నేసినచో రెండును 36వ పోగున కలియును. ఆ 36 యే క.సా.గు. వేయి బీడీలకింత కూలి యన్నపుడు 650 బీడీలకెంత వచ్చునో లెక్క కట్టుకొను తల్లి అనుపాతమును చేయుచునే యున్నది. మంచి గురువు ఈ తెలిసినదానినుండి తెలియనిదానికి నడిపించును.

అట్టి గురువు ఎచట దొరకును? మొదట అడుగవలసినది చేరిన అధ్యయన కేంద్రమునే. ఎన్.ఐ.ఓ.ఎస్. కేంద్రములలో సంపర్క తరగతులు జరుగును. వానికి వేరుగ రుసుము ఈయనక్కరలేదు. అవి ఏ దినములలో, ఏ భాషలో జరుగునో చేరుటకు ముందే విచారింపవలెను. రెండవ చోటు విశ్రాంత ఉపాధ్యాయుల ఇండ్లు. తెలుగు మాధ్యమమున ముప్పది యేండ్లు గణితము చెప్పి విశ్రమించినవారికి రెండు భాషల మాటలును తెలిసియుండును. మూడవది, గణితముతో పట్టము చదువుచున్న మన యువకులు, యువతులు. నాలుగవది రాత్రి పాఠశాలలు. అచటి ఉపాధ్యాయులకు పనిచేసి అలసివచ్చిన పెద్దలకు చెప్పుట అలవాటు. ఉద్యోగములోనున్న బడి ఉపాధ్యాయుని ట్యూషను చెప్పుమని ఒత్తిడి చేయరాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టపు 28వ విభాగము ఉపాధ్యాయులు ప్రయివేటు ట్యూషనులు చెప్పరాదని శాసించుచున్నది. అది వర్తింపని బడులలోను యాజమాన్యపు కట్టుబాటులు ఉండవచ్చును. అయితే తగిన గురువు ఎవరో వారిని అడిగి తెలిసికొనుటకు అడ్డు లేదు.

ఒంటరిగ వెదకుటకంటె నలుగురైదుగురు కలియుట మేలు. రుసుము పంచుకొనవచ్చును, ఒకరు తప్పిన నాటి పాఠము మరియొకరు చెప్పవచ్చును. స్త్రీలు సాయంకాలము వెళ్లివచ్చుటకును తోడుండును. సాయంకాలములందు బడి గదులు ఖాళీగ నుండును. ఇట్టివారు కూడి అడిగినచో సంఘమువారు ఒక గదిని కాదనరని మా నమ్మకము.

గురువును ఎన్నుకొనుటకు ముందు ఒక్క పాఠము విని చూడుడు. మూడు గుర్తులు చాలును. మీకేమి తెలియునో ముందుగ అడుగునా? కలమును మీ చేతికిచ్చి చేయించునా, తానే పలకపై వేగముగ చేసి చూపునా? ఎట్లు అన్నదే గాక ఎందుకు అన్నదియు చెప్పునా? పరీక్షకై ఒక ప్రశ్న వేయవచ్చును: భిన్నముచే భాగించునపుడు దానిని తలక్రిందులు చేసి గుణింతురెందుకు? నియమమట్లున్నది, బట్టీ పట్టుము అన్నచో వేరొకరిని వెదకుడు. మూడు మీటర్ల బట్టను అరమీటరు ముక్కలుగ కత్తిరించిన ఎన్ని వచ్చును? ఆరు. మీటరుకు రెండు కావున మూడును రెంటిచే గుణించితిమి. ఇట్లు చెప్పువాడు దొరకినచో విడువకుడు.

కుదిరిన పిమ్మట మాట స్పష్టముగ నుండవలెను. వారమునకు ఎన్ని గంటలు, గంటకెంత, రానినాటి కేమి అని ముందే అనుకొనుడు. పరీక్షకు 25 వారములున్నచో వారమునకు రెండు గంటలచొప్పున 50 గంటల పాఠము. అది చాలును గాని, ప్రతి గంట పాఠమునకు ఇంట రెండు గంటల అభ్యాసము ఉండవలెను. అభ్యాసము లేని పాఠము ఇసుకలో పోసిన నీరు. ఇంటివద్ద వ్రాసి ఈయవలసిన అభ్యాసపత్రములను గురువుచే వ్రాయించుకొనరాదు. వానికి 20 శాతము మార్కులున్న మాట నిజమే. కాని మిగిలిన మార్కులు పరీక్షాగృహమున ఒంటరిగ తెచ్చుకొనవలసినవి. అచట గురువు ప్రక్కనుండడు.

నేడు మొబైలు ఫోనులోను పాఠములు లభించుచున్నవి. 2017లో వెలసిన స్వయం వేదికలో సార్వత్రిక విద్యాలయపు పాఠములున్నవి. అర్థము కానిదానిని మరల మరల వినవచ్చుననుట వాని గొప్ప. కాని మీరు మూడవ పంక్తిలో గుర్తు తప్పితిరని ఆ పాఠము చెప్పజాలదు. దానికి మనిషి కావలెను. కావున యంత్రమును పునశ్చరణకును, గురువును తప్పు దిద్దుకొనుటకును వాడుకొనుట వివేకము.

ఇక మిగిలినది సిగ్గు. తలనెరసిన వయసున చిన్నపిల్లల లెక్కలేమిటని ఇరుగుపొరుగు నవ్వుదురని పలువురు జంకుదురు. ఇంటిలో తల్లి దీపము ముందు కూర్చుండి తప్పిన లెక్కను కొట్టివేసి మరల చేయుచుండగా చూచిన బిడ్డకు, లెక్క తప్పుట అవమానము కాదని, మరల చేయుటయే చదువని ఒకరు చెప్పనక్కరలేదు. తెలుగున భిన్నములు నేర్చిన తల్లి బిడ్డకు తెలుగుననే భిన్నములు చెప్పగలుగును. అట్టి ఇండ్లు పెరిగిన కొలది మన బడియు నిలుచును. రాబోవు అక్టోబరు పరీక్షకో, ఆపై ఏప్రిల్ పరీక్షకో కూర్చుండదలచిన తల్లిదండ్రులు నేడే అయిదవ తరగతి లెక్కల పుస్తకము తెరతురు గాక.