పేరు వినగానే రాయి తీయకండి

గుమ్మలక్ష్మీపురం: ఊళ్లోకి కొత్త కుక్క వచ్చిందంటే అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. ‘‘అదేం జాతి?’’ జవాబులో అల్సేషియన్ అనో, డాబర్‌మన్ అనో, రాట్‌వీలర్ అనో వినబడిందా, ఇక ఆ వీధి నడకే మారిపోతుంది. పిల్లల్ని వెనక సందు నుంచి బడికి పంపుతారు. చుట్టపు చూపుగా వచ్చేవాళ్లు మలుపు దగ్గరే ఆగి కేక వేస్తారు. పిట్‌బుల్ అయితే చెప్పనక్కర్లేదు. పాపం ఆ కుక్క ఆవులించినా ‘‘చూశావా, పళ్లు చూపిస్తోంది’’ అంటారు.

అదే వీధిలో ఒక నాటు కుక్క కూడా ఉంటుంది. సంత రోజున ఎవరో ఒకరి పిక్క పట్టుకుంటుంది. దాని జాతి ఎవరూ అడగరు. ‘‘పిల్లల తల్లి కదా, దాని దగ్గరికెందుకు వెళ్లావు?’’ అని కరిపించుకున్నవాడినే కోప్పడతారు. నిజానికి ఆ మాట సబబైనదే. కుక్క ఎందుకు కరిచిందో ఆలోచించి అన్న మాట అది. పట్నం నుంచి తెచ్చిన కుక్క విషయంలో మాత్రం ఆ ఆలోచన ఎక్కడికి పోతుందో తెలియదు.

మన్యంలో కుక్క కొత్త జంతువేమీ కాదు. జాతాపు, సవర గూడేల్లో కుక్క లేని వీధి కనబడదు. పోడు చేలో మంచె కింద పడుకునేదీ, అడవి పంది వస్తే ముందుగా పసిగట్టేదీ, అడ్డాకులకూ కొండచీపుర్లకూ వెళ్లేవారి ముందు దారి చూసేదీ అదే. అందుచేత ఇక్కడి భయం కుక్కంటే భయం కాదు. పేరంటే భయం.

పన్నుల ఉద్యోగి కుక్క

ఆ పేర్లు ఎక్కడివో తెలిస్తే భయం కొంత తగ్గుతుంది. జర్మనీలో అపోల్డా అనే ఊళ్లో 19వ శతాబ్దంలో లూయీ డాబర్‌మన్ అనే ఆయన ఉండేవాడు. ఉద్యోగం పన్నులు వసూలు చేయడం. డబ్బు సంచితో ఊరూరా తిరగాలి. దారిలో దొంగల భయం. పన్నులు వసూలు చేసేవాడంటే ఏ దేశంలోనైనా జనానికి ఎంత ప్రేమో చెప్పనక్కర్లేదు. తనకు కాపలాగా ఉండి, మాట వినే కుక్క కావాలని ఆయన రకరకాల కుక్కలను కలిపి పెంచాడు. ఆయన పేరే ఆ జాతికి నిలిచింది.

రాట్‌వీలర్ కథ మన పశువుల కాపరులకు ఇంకా బాగా అర్థమవుతుంది. దక్షిణ జర్మనీలో రాట్‌వీల్ అనే పట్టణం ఉంది. అక్కడ పెద్ద పశువుల సంత జరిగేది. కసాయివారు కొన్న పశువులను ఈ కుక్కలే తోలుకొచ్చేవి, మాంసం బండ్లను కూడా ఇవే లాగేవి. రైళ్లు వచ్చి పశువులను పెట్టెల్లో తరలించడం మొదలయ్యాక వీటికి పని పోయింది. ఆ జాతి దాదాపు అంతరించే దశకు చేరింది కూడా. తర్వాత పోలీసు కాపలా పనిలోకి తీసుకోవడంతో బతికి బయటపడింది.

అన్నింటికంటే చిత్రమైనది అల్సేషియన్ సంగతి. దాని అసలు పేరు జర్మన్ షెపర్డ్, అంటే జర్మనీ గొర్రెల కాపరి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీతో పోరాడిన ఇంగ్లండుకు జర్మనీ అన్న మాటే కిట్టలేదు. 1919లో అక్కడి కుక్కల సంఘం దీన్ని అల్సేషియన్ తోడేలు కుక్క అని నమోదు చేసింది. శత్రువు పేరు తీసేసి తోడేలు పేరు తగిలించడంతో భయం ఇంకా పెరిగింది. ఆస్ట్రేలియా ప్రభుత్వం 1929లో వీటి దిగుమతిని నిషేధించింది. అక్కడి అడవి కుక్కలతో కలిసి గొర్రెలను తినే సంకరజాతి పుడుతుందని గొర్రెల పెంపకందార్లు గగ్గోలు పెట్టడమే కారణం. గొర్రెలను కాయడానికి పుట్టిన కుక్కను గొర్రెలను తింటుందని దేశంలోకి రానివ్వలేదన్న మాట! ఆ ఆంక్షలు సడలడానికి 1970ల దాకా పట్టింది. ఇంగ్లండులో పాత పేరు తిరిగి వచ్చింది 1977లో.

పిట్‌బుల్ పూర్వులను మాత్రం పోట్లాట కోసమే పెంచారన్నది నిజం. ఇంగ్లండులో ఎద్దుల మీదికి కుక్కలను ఉసిగొలిపే వినోదం ఉండేది. 1835లో చట్టం దాన్ని ఆపితే, జనం కుక్కకూ కుక్కకూ పందెం కట్టారు. సంక్రాంతి కోడిపందేలు చూసినవారికి ఇది వివరించనక్కర్లేదు. పందెపు కోడి బరిలో కోడి మీదికి దూకుతుంది. ఇంటి దగ్గర దాన్ని చంకలో పెట్టుకుని తిరిగే యజమాని ముఖం మీదికి దూకదు.

నిషేధించారా? లేదా?

‘‘వాటిని ప్రభుత్వమే నిషేధించింది కదా’’ అనే మాట తరచు వినబడుతుంది. సగం నిజమే. కేంద్ర పశుసంవర్ధక శాఖ 2024 మార్చి 12న రాష్ట్రాలకు ఒక లేఖ రాసింది. పిట్‌బుల్, రాట్‌వీలర్ సహా 23 రకాల కుక్కలను అమ్మడానికీ, పెంచడానికీ అనుమతి ఇవ్వవద్దని అందులో కోరింది. జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్ ఆ జాబితాలో లేవు. కర్ణాటక హైకోర్టు 2024 ఏప్రిల్ 10న ఆ లేఖను కొట్టివేసింది. సంబంధించిన వారి మాట వినకుండా ఇలాంటి నిర్ణయం తీసుకోరాదన్నది కోర్టు చెప్పిన కారణాల్లో ఒకటి. కేంద్రం ఆ తర్వాత ప్రజల అభ్యంతరాలు, సూచనలు కోరింది. ఇవిగాక కొన్ని నగరాలు సొంతంగా ఆంక్షలు పెట్టుకున్నాయి. ఉత్తరప్రదేశ్‌లోని గాజియాబాద్ 2022లోనే మూడు జాతులను వద్దంది.

భయపడేవారిది ఉత్త పిరికితనమని కొట్టిపారేయడం కూడా తప్పే. 2022 జులైలో లక్నోలో ఒక వృద్ధురాలిని ఇంట్లో పెంచుకుంటున్న పిట్‌బుల్లే కరిచి చంపింది. బలమైన దవడ గల పెద్ద కుక్క ఒక్కసారి కరిచినా గాయం లోతుగా ఉంటుంది. గేదె కుమ్మడానికీ మేక కుమ్మడానికీ తేడా లేదంటే ఎవరు ఒప్పుకుంటారు? అయితే 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాడిని పొట్టన పెట్టుకున్నవి వీధి కుక్కలు. వాటికి ఏ జాతి పేరూ లేదు.

అమెరికా శాస్త్రజ్ఞులు 18 వేలకు పైగా కుక్కల వివరాలు సేకరించి 2022లో ఒక పరిశోధన వెలువరించారు. ఒక కుక్క గుణానికీ మరో కుక్క గుణానికీ కనబడే తేడాలో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమేనని తేల్చారు. నెదర్లాండ్స్ దేశం పిట్‌బుల్ మీద నిషేధం పెట్టి, కుక్కకాట్లు తగ్గలేదని గ్రహించి, 2008లో ఎత్తివేసింది.

గోడ లేని ఊళ్లో కాపలా కుక్క

ఇక మన ఊరి సంగతి. పట్నంలో ఈ కుక్కకు ప్రహరీ గోడ ఉంటుంది, గేటు ఉంటుంది. అది కాయవలసిన హద్దు దానికి స్పష్టంగా తెలుస్తుంది. సవర గూడేల్లో ఇళ్లు వరసగా ఆనుకుని ఉంటాయి. అరుగు ఒక్కటే. నీ గుమ్మం, నా గుమ్మం అనే గీత ఎక్కడా లేదు. అలాంటి చోట కాపలా కుక్కను తెచ్చి కడితే అది ఏ హద్దును కాయాలి? మొత్తం వీధినే తనదనుకుంటుంది. తెల్లవారుజామున అడవికి బయలుదేరిన పక్కింటి ఆడవాళ్లు దానికి దొంగల్లాగే కనబడతారు. తప్పు జాతిది కాదు, అరుగుదీ కాదు. ఆలోచించకుండా తెచ్చినవాడిది.

పైగా రోజంతా గొలుసుతో కట్టి, పచ్చి మాంసం పెడితే పౌరుషం వస్తుందనే నమ్మకం ఒకటి. కట్టేసిన కుక్కకు వచ్చేది పౌరుషం కాదు, పిచ్చి కోపం. పారిపోవడానికి దారి లేని జంతువు ఎదురుతిరగక ఏం చేస్తుంది? దూరం నుంచి పిల్లలు రాళ్లు వేస్తారు. అది గొలుసు తెంపుకునేంతగా ఎగురుతుంది. ‘‘చూశారా, మేం చెప్పలేదూ’’ అంటారు పెద్దలు. రాయి వేసిన పిల్లవాడిని ఎవరూ ఏమీ అనరు. మహాభారతం ఆదిపర్వంలో సరమ కథ ఇలాంటిదే. యాగశాలకు వచ్చిన సరమ కొడుకు ఏమీ ముట్టుకోకపోయినా జనమేజయుడి తమ్ముళ్లు కొట్టారు. ఆ కుక్క తల్లి రాజు ముందు నిలబడి, ఏ తప్పూ చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీసింది. రాజు దగ్గర జవాబు లేకపోయింది.

కుక్కపిల్లకు మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల వరకు ఉన్న వయసు చాలా ముఖ్యం. ఆ రోజుల్లో చూసిన మనుషులను, మేకలను, బండ్లను, డప్పు చప్పుళ్లను అది జీవితాంతం మామూలుగా తీసుకుంటుంది. ఆ వయసులో ఇంట్లో దాచిపెట్టి, పెద్దయ్యాక వీధిలోకి తెస్తే ప్రతి మనిషీ దానికి శత్రువే. కాబట్టి తెచ్చుకున్నవారు పిల్లగా ఉన్నప్పుడే ఇరుగు పొరుగు చేతుల్లో పెట్టాలి. ముసలివాళ్ల దగ్గరకూ, పిల్లల దగ్గరకూ తీసుకెళ్లాలి. ‘‘చిన్నాన్నా, ఇది సూది వేయించిన కుక్క. ఇదిగో కార్డు. నీ చేత్తో ఒక్క ముద్ద పెట్టు’’ అని అడిగితే కాదనే పెద్దమనిషి మన ఊళ్లలో అరుదు. ‘‘నా కుక్క, నా ఇష్టం’’ అన్నారో, పంచాయితీ మొదలైనట్టే.

పెద్దయ్యాక బయటికి తీస్తే పట్టీ చేతిలో ఉండాలి. సంతలోకి, జాతరలోకి తీసుకుపోనే కూడదు. జనం కిక్కిరిసిన చోట మూతికి చిక్కం వేయడం అవమానమేమీ కాదు. ఎద్దుకు వేయడం లేదా?

పక్కింటివారికీ కొంత బాధ్యత ఉంది. కుక్క ఎదురైతే పరుగెత్తవద్దు. కళ్లలోకి సూటిగా చూడకుండా, చేతులు దించుకుని కదలకుండా నిలబడితే చాలాసార్లు అది వాసన చూసి వెళ్లిపోతుంది. తింటున్న కుక్కను, పిల్లలున్న కుక్కను తాకవద్దని పిల్లలకు చెప్పాలి. తోక ఊపినంత మాత్రాన స్నేహమని అనుకోకూడదు. ఒళ్లు బిగబట్టి, చూపు నిలిపి తోక ఆడిస్తే అది హెచ్చరిక.

కొందరు మరో దారి తొక్కుతారు. రాత్రికి రాత్రి విషం కలిపిన ముద్ద విసురుతారు. అది పాపమే కాదు, నేరం కూడా. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం జంతువును చంపినా, అంగవైకల్యం చేసినా అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు. ఆ ముద్ద ఊరి కోడి తినవచ్చు, మేక తినవచ్చు, పాకే పిల్లవాడి చేతికి కూడా చిక్కవచ్చు. చట్టం యజమానినీ వదలలేదు. తన జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలుగుతుందని తెలిసీ అజాగ్రత్తగా వదిలేస్తే 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. భయం ఉన్నవారు ఊరి పెద్దల ముందు మాట్లాడుకోవాలి. తెగకపోతే ఎల్విన్‌పేట పోలీసు స్టేషన్ ఉండనే ఉంది.

అసలు భయపడవలసింది

జాతి పేరు విని వణికేవారు అసలు భయపడవలసిన దాన్ని తేలిగ్గా తీసుకుంటున్నారు. అదే రేబిస్. లక్షణాలు బయటపడ్డాక ఈ జబ్బు నుంచి బతికి బట్టకట్టినవారు దాదాపు లేరు. ప్రపంచంలో ఏటా సుమారు 59 వేల మంది దీనికి బలవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో మూడో వంతుకు పైగా మన దేశంలోనే. మనుషులకు వచ్చే రేబిస్‌లో నూటికి 99 పాళ్లు కుక్కల నుంచే వస్తుంది. అది అల్సేషియనా, నాటుదా అని ఆ జబ్బు చూడదు. సూది వేయించిన రాట్‌వీలర్ కంటే సూది లేని బొచ్చు కుక్కపిల్ల గీరిన గీత ప్రమాదం.

కరిస్తే పసరు, సున్నం, కారం, కాఫీ పొడి ఏదీ పూయవద్దు. వెంటనే గెడ్డ నీళ్లయినా, బోరు నీళ్లయినా ధారగా పోస్తూ సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. ఆ తర్వాత భద్రగిరి ఆసుపత్రికో, దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో వెళ్లాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సూది ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు వేస్తారు. గాయం లోతైనదైతే గాయం చుట్టూ వేసే మరో మందు కూడా కావాలి. అక్కడ లేకపోతే పెద్దాసుపత్రికి పంపమని అడగాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని తాతల నాటి కథ చెప్పి జడిపించేవారు ఇంకా ఉన్నారు. ఆ మందు వాడకం మన దేశంలో పోయి ఇరవై ఏళ్లయింది. మూడు సూదులయ్యాక గాయం మానిందని పోడు పనిలో పడి నాలుగోది మానేయకూడదు.

కుక్కకు మూడు నెలల వయసులో మొదటి టీకా, తర్వాత ఏటా ఒకటి వేయించాలి. ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ 1885 జులై 6న పిచ్చికుక్క కరిచిన ఒక బాలుడికి మొదటిసారి టీకా ఇచ్చి బతికించాడు. దాని జ్ఞాపకార్థం ఏటా జులై 6న పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. ఆ రోజు జాతి కుక్కను పట్టీతో నడిపించుకు వచ్చేవారు వీధిలోని నాటు కుక్కనూ వెంట తేవాలి. దాన్ని పట్టుకునేందుకు పక్కింటివారి సాయం ఎలాగూ కావలసి వస్తుంది.