మూడున్నర రూపాయల వడ్డీ

ఊళ్లో ఎవరూ ఒప్పుకోని రేటుకు నగరాల్లో చదువుకున్నవారు అప్పు చేస్తున్నారు. బయటికొచ్చే దారి ఉంది. కాకపోతే కాస్త పొడవు

గుంటూరులోనైనా, కరీంనగర్‌లోనైనా అప్పు మాట వస్తే ఎవరూ శాతాల్లో మాట్లాడరు. నూటికి నెలకు ఎంత అన్నదే లెక్క. రూపాయి వడ్డీ అంటే తెలిసినవాళ్ల మధ్య మర్యాద. రెండు రూపాయలంటే బజారు రేటు. మూడు దాటితే ఆ గుమ్మం తొక్కొద్దని పెద్దలు హెచ్చరిస్తారు. అదే కొలత పెట్టి చూస్తే నెలకు 3.5 శాతం వేసే క్రెడిట్ కార్డుది మూడున్నర రూపాయల వడ్డీ. ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ కూడా కలిపితే నాలుగు రూపాయల పదమూడు పైసలు. ప్రామిసరీ నోటు మీద ఈ రేటు రాసిమ్మంటే లేచి వచ్చేసే మనిషే, అదే రేటుకు కొత్త సెల్‌ఫోన్ కొనుక్కుని సంతోషంగా ఇంటికెళ్తున్నాడు.

కార్డుతో తెలుగువారి పరిచయం నిన్నమొన్నటిది కాదు. దేశంలో మొదట క్రెడిట్ కార్డులు తెచ్చిన బ్యాంకుల్లో ఆంధ్రా బ్యాంకు ఒకటి. అది 1981 నాటి సంగతి. అప్పట్లో కార్డు ఉండటం హోదా. 2024 ప్రారంభానికి దేశంలో చలామణీలో ఉన్న కార్డుల సంఖ్య 10 కోట్లు దాటింది. దాంతోపాటు తాకట్టు లేని వ్యక్తిగత రుణాలు కూడా ఎంత వేగంగా పెరిగాయంటే, రిజర్వు బ్యాంకు 2023 నవంబరులో ఇలాంటి అప్పులకు బ్యాంకులు పక్కన పెట్టాల్సిన మూలధనాన్ని పెంచాల్సి వచ్చింది. మరోవైపు కుటుంబాల నికర ఆర్థిక పొదుపు 2022-23లో స్థూల దేశీయోత్పత్తిలో సుమారు 5 శాతానికి జారింది. దశాబ్దాల్లో అది కనిష్ఠం. ఇళ్లూ స్థలాలూ కొనడానికి చేసిన అప్పూ అందులో ఉందనే వాదన నిజమే. కానీ ఆ అప్పుకు ఎదురుగా ఇల్లు మిగులుతుంది. కార్డు బాకీకి ఎదురుగా మిగిలేది పాత బిల్లులే.

ఊబి ఎక్కడుందో తెలియాలంటే బిల్లులో 'కనీస చెల్లింపు' అన్న గడి చూడాలి. సాధారణంగా అది బాకీలో 5 శాతం. లక్ష రూపాయల బాకీ మీద రూ.5,000 కడితే అందులో రూ.3,500 వడ్డీకి, రూ.630 పన్నుకు పోతాయి. అసలులో తగ్గేది రూ.870. ఆ తర్వాత కార్డు గీకకుండా, ప్రతి నెలా అప్పటి బాకీలో 5 శాతం మాత్రమే కడుతూ పోయే మనిషి అయిదేళ్లలో దాదాపు రూ.2.34 లక్షలు చెల్లిస్తాడు. అప్పటికీ రూ.59 వేలు బాకీ ఉంటాడు. అంతకంటే మోసపూరితమైనది మరొకటుంది. బిల్లు పూర్తిగా కట్టనివారికి వడ్డీ లేని గడువు పోతుంది. ఈ నెల కొన్న ఉప్పూ పప్పూ మీద కూడా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. చాలామందికి ఇది మూడో నాలుగో బిల్లు చూశాక గానీ తెలియదు.

వడ్డీకి కళ్లెం వేసే ప్రయత్నం జరగకపోలేదు. ఏటా 30 శాతం మించి వసూలు చేయడం అనుచిత వ్యాపార ధోరణి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తేల్చింది. సుప్రీం కోర్టు 2024 డిసెంబరులో ఆ ఉత్తర్వును కొట్టేసింది. అంటే రేటు తగ్గుతుందని ఎదురుచూసి లాభం లేదు. బాకీనే తగ్గించుకోవాలి.

అలా తగ్గించుకునే లెక్క ఆశ్చర్యంగా సులువైనది. అదే లక్ష బాకీకి బిల్లు ఎంత తగ్గినా నెలనెలా రూ.5,000 చొప్పున కదలకుండా కడితే 44 నెలల్లో తీరుతుంది. రూ.10,000 కడితే 14 నెలలు చాలు. మొత్తం చెల్లింపు రూ.2.16 లక్షల నుంచి రూ.1.32 లక్షలకు దిగుతుంది. వాయిదా రెండింతలైతే గడువు మూడో వంతుకు పడిపోవడానికి కారణం, అదనంగా కట్టిన ప్రతి రూపాయీ నేరుగా అసలుకే వెళ్లడం.

ఆ అదనపు రూ.5,000 ఎక్కడి నుంచి తేవాలన్నదే అసలు ప్రశ్న. మొదట చూడాల్సింది ఇంట్లో పడివున్న సొమ్మును. ఏడు శాతానికి ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంచుకుని 42 శాతానికి కార్డు బాకీ మోసేవారు తక్కువేమీ కాదు. 'అది పాప పెళ్లికి' అంటారు. పాప పెళ్లి నాటికి ఆ బాకీ ఏ స్థాయికి చేరుతుందో లెక్కేయరు. బీరువాలోని బంగారమూ అంతే. బ్యాంకులో నగ తాకట్టు పెడితే చాలాచోట్ల రూపాయి వడ్డీ లోపే అప్పు పుడుతుంది. నగ కుదువ పెట్టడం పరువు తక్కువనే సంకోచం మాత్రం ఇంకా పోలేదు. చీటీ పాడి బాకీ తీర్చేవారూ ఉన్నారు. మొదటి నెలల్లోనే పెద్ద తోపుతో పాట ఎత్తుకుంటే అదీ ఖరీదైన అప్పేనని గుర్తుంచుకోవాలి.

కార్డు బాకీని వ్యక్తిగత రుణంగా మార్చుకోవడం మరో మార్గం. 14 శాతానికి మూడేళ్ల గడువుతో లక్ష తీసుకుంటే నెలసరి వాయిదా సుమారు రూ.3,418. మొత్తం రూ.1.23 లక్షలతో సరి. అయితే ఇక్కడా ఒక ఉచ్చు ఉంది. '12 శాతమే' అని చెప్పే రుణం ఫ్లాట్ రేటుదైతే, తీరిపోయిన అసలు మీద కూడా చివరిదాకా వడ్డీ పడుతుంది. మూడేళ్లకు దాని అసలు రేటు 21 శాతం పైచిలుకే. 2024 అక్టోబరు నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు రిటైల్ రుణాలన్నింటికీ ఫీజులతో సహా వార్షిక రేటు చూపే కీలక వివరాల పత్రం ఇవ్వాలి. సంతకానికి ముందు చదవాల్సిన కాగితం అదొక్కటే. రుణం చేతికొచ్చాక కార్డు ఖాళీ అయిందని మళ్లీ గీకితే మాత్రం ఒక అప్పు రెండవుతుంది. ఈ పథకం ఎక్కువగా దెబ్బతినేది అక్కడే.

ఏ బాకీ ముందు తీర్చాలన్న దానిపై పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. ఎక్కువ వడ్డీది ముందు అంటుంది అంకగణితం. చిన్న బాకీని ముందు మూసేసినవారే మొత్తం అప్పు తీర్చేదాకా నిలిచే అవకాశం ఎక్కువని అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 2012లో తేల్చారు. ఒక ఖాతా మూతపడితే కలిగే ధైర్యం వేరు. మూడున్నర రూపాయల కార్డు పక్కన ముప్పావలా వడ్డీ ఇంటి రుణం ఉంటే మాత్రం సందేహం అక్కర్లేదు. కార్డే ముందు.

ఇక ఖర్చు. కార్డు చేతిలో ఉంటే మనిషి మారిపోతాడని అమెరికాలోనే మరో ప్రయోగం చూపింది. 2001లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో ఆట టికెట్ల వేలానికి కార్డుతో చెల్లించాల్సినవారు, నగదు ఇవ్వాల్సినవారి కంటే రెట్టింపు దాకా పాడారు. నోటు లెక్కపెట్టేటప్పుడు కలిగే బాధ కార్డుకు లేదు. ఫోన్‌తో కోడ్ స్కాన్ చేసేటప్పుడు అసలే లేదు. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలిపే వీలు 2022లో వచ్చాక టీకొట్టు దగ్గర కూడా అప్పు పుడుతోంది. వడ్డీ లేని వాయిదాల సంగతి సరేసరి. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. వదులుకున్న డిస్కౌంటులోనో, ప్రాసెసింగ్ ఫీజులోనో ఆ వడ్డీ దాక్కుని ఉంటుంది.

దీనికి విరుగుడు పాత ఇళ్లలో ఉండేది. ఒకటో తారీఖున జీతం రాగానే పాలకు, కిరాణాకు, ఫీజులకు వేర్వేరు కవర్లలో పెట్టి, కవరు ఖాళీ అయితే ఖర్చు ఆపేసేవారు. పోపుల డబ్బాలో ఎవరికీ చెప్పని కొంత సొమ్ము ఉండేది. ఆ డబ్బాను ఎగతాళి చేసిన తరమే ఇప్పుడు 'అత్యవసర నిధి' పేరుతో దాన్ని తిరిగి కనుక్కుంటోంది. అప్పు తీరుస్తున్న కాలంలోనూ పది, ఇరవై వేలు అలా విడిగా ఉండాలి. లేకపోతే పిల్లాడికి జ్వరం వచ్చినా, స్కూటర్ పాడైనా మళ్లీ కార్డే దిక్కు. మూడు నెలలు పద్దు రాస్తే తెలిసేది కూడా విచిత్రంగా ఉంటుంది. పెద్ద ఖర్చులు ఎవరికైనా గుర్తుంటాయి. గుర్తులేనివి ఇంటికి తెప్పించుకునే భోజనాలు, వాడని చందాలు, మొహమాటానికి పెట్టిన చదివింపులు.

అన్నింటికంటే కష్టమైనది బాకీ సంగతి ఇంట్లో చెప్పడం. చెప్పకుండా దాచినవారే రెండో కార్డుతో మొదటిది తీర్చి, చివరికి ఫోన్ యాప్‌ల దాకా పోతారు. ఆ దారి ఎక్కడికి పోతుందో 2020 డిసెంబరులో తెలంగాణ చూసింది. యాప్ రుణాల వేధింపులకు కొందరు ప్రాణాలు తీసుకున్నాకే పోలీసులు దాడులు చేశారు. యాప్ రుణాలపై రిజర్వు బ్యాంకు 2022లో నిబంధనలు తెచ్చింది. ఉదయం 8 గంటల ముందు, సాయంత్రం 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చేయకూడదని, బంధుమిత్రుల దగ్గర పరువు తీయకూడదని అదే ఏడాది రికవరీ ఏజెంట్లనూ కట్టడి చేసింది. ఈ సంగతి ఇంట్లో నలుగురికీ తెలిసి ఉంటే బెదిరింపుకు బలం తగ్గుతుంది.

ఎలా చూసినా తీర్చలేని బాకీ అయితే? 'ఐపీ పెట్టడం' తెలుగు జిల్లాల్లో అందరికీ తెలిసిన మాటే. దాని మూలం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. 2016 దివాలా స్మృతిలో మామూలు వ్యక్తుల కోసం కొత్త ఏర్పాటు రాసుకున్నా, 2019 డిసెంబరులో కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారికి మాత్రమే దాన్ని వర్తింపజేశారు. కోర్టు మెట్లెక్కే ముందు బ్యాంకుతో మాట్లాడి వాయిదాలు పొడిగించుకోవడమే మేలు. సగానికి ఒప్పించి చేతులు దులుపుకునే 'సెటిల్‌మెంట్' తేలిగ్గా కనిపించినా, ఆ మాట క్రెడిట్ నివేదికలో ఏళ్ల తరబడి ఉంటుంది. ఇంటి రుణానికి వెళ్లినప్పుడు మేనేజరు మొదట చూసేది అదే.

బాకీ పూర్తిగా తీరాక చేయాల్సిన పని ఇంకొంత ఉంది. బకాయి లేదని బ్యాంకు నుంచి లేఖ తీసుకోవాలి. ఏడాదికోసారి ఉచితంగా దొరికే క్రెడిట్ నివేదికలో ఖాతా మూసినట్టు నమోదైందో లేదో చూసుకోవాలి. తప్పుంటే ఫిర్యాదు చేయవచ్చు. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు రూ.100 పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. కార్డు రద్దు చేయమని అడిగితే, బాకీ లేనప్పుడు, ఏడు పనిదినాల్లో రద్దు చేయాలి. ఆలస్యమైతే రోజుకు రూ.500 బ్యాంకే కార్డుదారుకు చెల్లించాలి.