పాత గిటారుకు పునర్జీవనం

మూలన పడి దుమ్ము పట్టిన వాద్యాన్ని చూసి పనికిరానిదని తీర్మానించడం తేలిక. దాని విలువను గుర్తించి, తగిన ధరకు కొని, తిరిగి పలికించడానికి మాత్రం శాస్త్ర పరిజ్ఞానం, ఓర్పు, నిజాయితీ మూడూ కావాలి. ఇందుకు విద్యుత్ గిటారు చక్కని ఉదాహరణ.

అమెరికాకు చెందిన ఫెండర్ సంస్థ 1954లో స్ట్రాటోకాస్టర్ అనే గిటారును విపణిలో ప్రవేశపెట్టింది. 1970లో ఆంగ్ల సంగీతకారుడు ఎరిక్ క్లాప్టన్ నాష్‌విల్ నగరంలోని ఒక దుకాణంలో ఇటువంటి పాత గిటార్లు ఆరింటిని స్వల్ప మూల్యానికి కొన్నాడు. మూడింటిని మిత్రులకు కానుకగా ఇచ్చి, మిగిలిన మూడింటిలోని మేలైన భాగాలను కూర్చి ఒకే గిటారును రూపొందించుకున్నాడు. 'బ్లాకీ' అని పేరుగాంచిన ఆ వాద్యం 2004లో జరిగిన వేలంలో 9,59,500 డాలర్లు పలికింది. ఆ సొమ్ము వ్యసనపీడితుల చికిత్సాలయానికి చేరింది.

విద్యుత్ గిటారుకు ప్రాణం పికప్ అనే భాగం. అయస్కాంతాల చుట్టూ వెంట్రుక కన్న సన్నని రాగితీగను వేల చుట్లు చుట్టి దీనిని తయారుచేస్తారు. ఉక్కు తంత్రి కంపించినప్పుడు అయస్కాంత అభివాహం మారి, తీగచుట్టలో విద్యుత్తు ప్రేరితమవుతుంది. ఫారడే 1831లో కనుగొన్న సూత్రమే ఇది. పాలకొల్లులో జన్మించిన మాండలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీతాన్ని పలికించిన విద్యుత్ మాండలిన్‌కూ ఇదే ఆధారం.

బేరానికి ముందు పరీక్ష అవసరం. తంత్రిని మొదటి మెట్టు వద్ద, చివరి మెట్టు వద్ద ఒకేసారి నొక్కి చూడాలి. నడుమ ఖాళీ అధికంగా ఉంటే దండి వంగిందని అర్థం. క్రమసంఖ్య ఉన్న లోహపు పలకను మాత్రమే నమ్మరాదు. అది నాలుగు మరలతో బిగించినది కనుక మార్చడం సులభం. లోపలి టంకం అతుకులు, దండి మొదట పెన్సిలుతో వ్రాసిన తేదీ మరింత విశ్వసనీయమైన సాక్ష్యాలు. కనబడిన లోపాలను, వాటి మరమ్మతుకయ్యే ఖర్చును చూపి ధర తగ్గించమని కోరడం న్యాయమైన బేరం. లేని లోపాలను కల్పించి, విలువ తెలియని విక్రేతను వంచించడం బేరం అనిపించుకోదు.

పునరుద్ధరణలో మొదటి నియమం తొందరపడకపోవడం. విడదీసే ముందు ప్రతి భాగాన్నీ ఛాయాచిత్రం తీయాలి. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడవాలి. ధ్వని నియంత్రణ మీటలు గరగరమంటే తగిన ద్రావణంతో శుభ్రపరచాలి. ఊడిన అతుకులకు మళ్లీ టంకం వేయాలి. వంగిన దండిని సరిచేయడానికి లోపలి ఇనుప కడ్డీ మరను ఒక్కసారి పావు చుట్టుకు మించి తిప్పరాదు. బలం ప్రయోగిస్తే కడ్డీ తెగిపోయే ప్రమాదం ఉంది.

అన్నింటికన్న కఠినమైన నిర్ణయం రంగు విషయంలో ఎదురవుతుంది. వెలిసిన పూతను గీకివేసి కొత్త రంగు వేస్తే గిటారు మెరుస్తుంది. కానీ దాని వెల సగానికి సగం పడిపోవడం కద్దు. పోయిన తొలి పూత మళ్లీ రాదు. అందుచేత నిపుణులు పలకడానికి అవసరమైన మరమ్మతు మాత్రమే చేసి, తొలగించిన పాత భాగాలను సైతం భద్రపరుస్తారు. రేపటివారు కోరితే పూర్వస్థితికి తేగలిగేలా చేసిన మరమ్మతే ఉత్తమమైనది. ఈ సూత్రం గిటారుకే గాక, మన ఇళ్లలోని వీణలకూ తాళపత్రాలకూ వర్తిస్తుంది.