విషాన్ని పట్టేసే తుప్పు

గ్లాసులో నీళ్లు తేటగా ఉంటాయి. వాసన లేదు, రుచిలో తేడా లేదు. కాచి చల్లార్చినా లాభం లేదు... కొంత నీరు ఆవిరైపోయి, మిగిలినదాంట్లో విషం ఇంకాస్త చిక్కబడుతుంది. పశ్చిమబెంగాల్‌లో, బంగ్లాదేశ్‌లో లక్షలాది కుటుంబాలు ఏళ్లతరబడి తాగింది అలాంటి నీళ్లే. ఆ విషం పేరు ఆర్సెనిక్. మన పెద్దవాళ్ల మాటలో పాషాణం.

ఆ నీళ్లను పైకి తెచ్చింది ప్రాణాలు కాపాడటానికే. చెరువు నీళ్లు తాగి పసిపిల్లలు అతిసారంతో, కలరాతో చనిపోతుంటే 1970లలో ప్రభుత్వాలూ యునిసెఫ్ లాంటి సంస్థలూ ఊరూరా బోరింగులు వేయించాయి. క్రిములు లేని నీళ్లు వచ్చాయని అందరూ సంతోషించారు. ఆ నీళ్లలో ఆర్సెనిక్ ఉందేమో చూడాలన్న ఆలోచన అప్పట్లో ఎవరికీ రాలేదు.

1983లో కలకత్తాలో చర్మవైద్యుడు కె.సి.సాహా తన దగ్గరికొచ్చిన కొందరు పల్లెటూరి రోగుల్లో ఒకే తరహా లక్షణాలు గమనించారు. వాన చినుకులు పడ్డట్టు ఒంటినిండా నల్లమచ్చలు, అరచేతుల్లో, అరికాళ్లలో గట్టి కాయలు. చూసినవాళ్లు కుష్ఠు అనుకొని దూరం జరిగేవారు. పెళ్లిళ్లు ఆగిపోయేవి. కారణం తాగేనీళ్లలోని ఆర్సెనికేనని తేలింది. ఏళ్లతరబడి ఒంట్లో చేరితే అది చర్మానికి, ఊపిరితిత్తులకు, మూత్రాశయానికి క్యాన్సర్ తెస్తుంది. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయానికి చెందిన దీపాంకర్ చక్రవర్తి 1988 నుంచి బెంగాల్ ఊళ్లన్నీ తిరిగి బోరింగుల నీళ్లు పరీక్షించారు. 2018లో కన్నుమూసేదాకా ఆయన చేసిన పని అదే.

తాగే నీటిలో ఆర్సెనిక్ లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే గ్రాములో లక్షో వంతు! అంత కొంచెం ఉన్నదాన్ని నీళ్లలోంచి ఏరెయ్యడం ఎలా?

ఇనుమే తాళం

జవాబు ఆ విషం పుట్టిన చోటే ఉంది. హిమాలయాల నుంచి నదులు మోసుకొచ్చిన ఒండ్రుమట్టిలోని తుప్పు రేణువులు ఆర్సెనిక్‌ను వేల ఏళ్లు అంటిపెట్టుకొని ఉన్నాయి. భూమి లోపల ప్రాణవాయువు అందని చోట సూక్ష్మజీవుల వల్ల ఆ తుప్పు కరిగిపోయింది. పట్టుకున్నది పోగానే ఆర్సెనిక్ నీళ్లలో కలిసింది. మరి నీళ్లకు మళ్లీ తుప్పు అందిస్తే?

అమెరికాలో లారెన్స్ బర్కిలీ జాతీయ ప్రయోగశాల శాస్త్రవేత్త అశోక్ గాడ్గిల్ బృందం ఆ దారే పట్టింది. గాడ్గిల్ ముంబయిలో పుట్టారు, కాన్పూర్ ఐఐటీలో చదివారు. ఆయన పని తెలుగువాళ్లకు కొత్తదేం కాదు. అతినీలలోహిత కాంతితో నీటిలోని క్రిములను చంపే యంత్రాన్ని 1990లలో ఆయన తయారుచేశారు. ఆ పద్ధతితో నడిచే నీటి కేంద్రం 2000వ దశకం మధ్యలో కృష్ణా జిల్లా బొమ్మినంపాడులో వెలిసింది. కానీ ఆ కాంతి ఆర్సెనిక్‌ను ఏమీ చేయలేదు. చావడానికి అది ప్రాణి కాదు కదా!

కొత్త పద్ధతి చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. తొట్టిలో బోరు నీళ్లు నింపి, మామూలు ఇనుప రేకులు వరసగా దించి, తక్కువ వోల్టేజీతో కరెంటు ఇస్తారు. ఇనుము కొద్దికొద్దిగా కరుగుతుంది. గాలిలోని ప్రాణవాయువు తగలగానే అది సన్నటి తుప్పు రేణువులుగా మారుతుంది. ఆర్సెనిక్‌లో ఒక రకం మహా జారుడుది, తుప్పుకు సులువుగా అంటుకోదు. ఇనుము ప్రాణవాయువుతో కలిసే క్షణంలో పుట్టే చురుకైన పదార్థాలు దాన్ని అంటుకునే రకంగా మార్చేస్తాయి. ఎంత కరెంటు పంపితే అంత తుప్పు. విషం ఎక్కువుంటే కరెంటు కాస్త ఎక్కువ పంపుతారు. తరవాత కొంచెం పటిక వేస్తారు. వరద నీళ్లలో మన అమ్మమ్మలు ఇండుపగింజ అరగదీసి కలిపితే బురద అడుగుకు దిగినట్టు, ఆర్సెనిక్‌ను పట్టుకున్న తుప్పు కిందికి దిగిపోతుంది. పైన తేట నీళ్లు.

నమ్మకమే కరవు

శాస్త్రం ఇంత తేలికైనప్పుడు బెంగాల్ ఎప్పుడో బాగుపడాలి. అసలు చిక్కు యంత్రం పెట్టాక మొదలవుతుంది. కోల్‌కతాకు దక్షిణాన బారుయీపూర్ ప్రాంతంలో 2000వ దశకం మొదట్లో పదకొండు కంపెనీలవి 19 ఆర్సెనిక్ యంత్రాలు పెట్టారు. చక్రవర్తి బృందం రెండేళ్లు పరిశీలించి 2005లో ఫలితం ప్రకటించింది. పది మైక్రోగ్రాముల హద్దులో నిలకడగా నిలిచింది ఒక్కటీ లేదు. అప్పటి భారతీయ ప్రమాణం 50. దాన్ని అందుకున్నవి రెండే! పెట్టినవాళ్లు రిబ్బను కత్తిరించి వెళ్లిపోతే, ఫిల్టరు ఎవరు కడగాలి, పాడైతే ఎవరు బాగుచేయాలి అన్నది ఎవరి పనీ కాకుండా పోతుంది. ఫ్లోరైడ్ ఊళ్లలో మూలనపడ్డ యంత్రాలను చూసిన నల్గొండ వాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

గాడ్గిల్ బృందం వచ్చింది సరిగ్గా ఆ బారుయీపూర్ పక్కకే. ముందు 100 లీటర్ల తొట్టితో, తరవాత 600 లీటర్లతో ఏళ్లపాటు పరీక్షించారు. చివరికి ధప్‌ధపి గ్రామంలోని హైస్కూలు ఆవరణలో రోజుకు 10 వేల లీటర్లు శుద్ధిచేసే ప్లాంటు పెట్టారు. 2016లో అది నడవడం మొదలైంది. అక్కడి బోరు నీళ్లలో ఆర్సెనిక్ లీటరుకు 250 మైక్రోగ్రాముల దాకా ఉంది, అంటే హద్దుకు పాతిక రెట్లు. శుద్ధయ్యాక తేలింది సుమారు మూడు!

ఈ పనిలో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం నుంచి ఆర్థికశాస్త్ర ఆచార్యురాలు జయశ్రీ రాయ్ కూడా పాలుపంచుకున్నారు. గమనించాల్సింది అదే. బడి పిల్లలకు నీళ్లు ఉచితం. మిగిలినవి ఊరివాళ్లకు అమ్మాలి. ఆ డబ్బుతో నడిపేవాళ్ల జీతం, మరమ్మతులు గడవాలి. నడిపే ఖర్చు లీటరుకు పది పైసలలోపే తేలింది. తాగేనీళ్లకు డబ్బా అని ముక్కు విరిచేవాళ్లు ఉంటారు. కానీ ఉచితంగా పెట్టిన యంత్రాల గతి అప్పటికే ఊరంతా చూసింది.

అడుగున మిగిలిన విషపు తుప్పు మాటేమిటి? దాన్ని చెరువు గట్టున పారబోస్తే మొదటికే మోసం. కాంక్రీటులో కలిపి గట్టిపరిస్తే ఆర్సెనిక్ బయటికి రాకుండా ఉంటుందా అన్నది కూడా ఈ ప్లాంటు తుప్పుతోనే పరిశోధించారు.

ఇక ఫ్లోరైడ్‌కు ఇది మందు కాదు. ఆర్సెనిక్‌ను పట్టినట్టు ఇనుము ఫ్లోరైడ్‌ను పట్టదు, అక్కడ అల్యూమినియం కావాలి. పటిక, సున్నంతో నడిచే 'నల్గొండ టెక్నిక్' కిటుకు కూడా పటికలోని ఆ అల్యూమినియమే.

2023లో అమెరికా ప్రభుత్వం గాడ్గిల్‌కు సాంకేతిక రంగంలో జాతీయ పతకం ఇచ్చింది. ఆయన బృందం ఈ పద్ధతికి పదును పెట్టి కాలిఫోర్నియాలోని అలెన్స్‌వర్త్‌కు కూడా తీసుకెళ్లింది. 1908లో నల్లజాతివారు తమకోసం తాము కట్టుకున్న ఊరది. అక్కడి బావుల్లోనూ ఆర్సెనిక్కే. బెంగాల్‌లో పొద్దస్తమానం తొట్టి దగ్గర మనిషిని నిలబెట్టవచ్చు, అమెరికాలో ఆ కూలి భరించలేరు. అందుకే గంటల పని నిమిషాల్లో తెమిలేలా, మనిషి అవసరం తక్కువగా ఉండేలా మార్చారు. లోపల కరిగేది మాత్రం ఇనుమే.